సెష్షూ హయకావా: మూకీల కాలపు జపాన్ నటుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మూకీ సినిమాల మాట వస్తే మనలో చాలామందికి చాప్లిన్ గుర్తొస్తాడు. ఇంకాస్త ఇష్టం ఉన్నవాళ్ళు బస్టర్ కీటన్ పేరు చెబుతారు. అదే రోజుల్లో అదే లాస్ ఏంజెలెస్‌లో జపాన్ నుంచి వచ్చిన ఒకాయన పెద్ద స్టార్ అయ్యాడని, సొంత నిర్మాణ సంస్థ కూడా నడిపాడని చెబితే ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు అడుగుతారు. అలా మళ్ళీ మళ్ళీ ఎదురైన ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎవరీ హయకావా?

1914 నుంచి 1922 దాకా హాలీవుడ్‌లో హీరోగా వెలిగిన జపాన్ నటుడు. 1886 జూన్ 10న చిబా ప్రాంతంలోని ననౌరా అనే సముద్రతీర గ్రామంలో పుట్టాడు. అసలు పేరు కింతారో హయకావా. తర్వాత ఫ్రాన్సులో, ఇంగ్లండులో, జపానులో కూడా నటించాడు. డెబ్భై దాటాక ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’లో కల్నల్ సైతో పాత్ర వేసి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. మనలో చాలామంది ఆయన్ని చూసింది ఆ ఒక్క సినిమాలోనే. నేనూ మొదట చూసింది అందులోనే. ఆ ముసలి సైనికాధికారి నలభై ఏళ్ళ కిందట అమ్మాయిలు వెర్రెత్తిపోయిన ప్రేమకథల హీరో అని తెలిశాక పాత సినిమాలు వెతకడం మొదలుపెట్టాను.

పేరు సెస్యూ అనాలా, సెష్షూ అనాలా?

జపనీస్‌లో సెష్షూ. ‘మంచు భూమి’ లాంటి అర్థం వచ్చే రంగస్థల నామం అది. అమెరికా వాళ్ళు రాసుకున్న స్పెల్లింగ్ వల్ల సెస్యూ అయింది.

నటుడు కావాలనే అమెరికా వెళ్ళాడా?

కాదు. ఇంట్లో వాళ్ళు ఆయన్ని నౌకాదళంలో అధికారిగా చూడాలనుకున్నారు. సముద్రంలో లోతుకు ఈత కొట్టబోయి చెవి కర్ణభేరి పగలగొట్టుకోవడంతో వైద్య పరీక్షలో తప్పాడు. ఆ అవమానం తట్టుకోలేక కత్తితో పొడుచుకుని చనిపోవాలనుకున్నానని, తండ్రి తలుపు బద్దలుకొట్టి కాపాడాడని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ తర్వాతే చదువు కోసమని అమెరికా పంపారు. షికాగో విశ్వవిద్యాలయంలో చదివానని చెప్పుకునేవాడు. అక్కడ ఆయన ఫుట్‌బాల్ కూడా ఆడాడని పత్రికలు రాశాయి. ఇలాంటి కథల్లో స్టూడియో ప్రచారకర్తలు కల్పించినవి చాలా ఉంటాయి. కాబట్టి ఆయన యవ్వనం గురించి ఎక్కడ చదివినా కాస్త ఆగి చదవండి. 1914 నుంచి మాత్రం సినిమాలే సాక్ష్యం.

సినిమాల్లోకి ఎలా వచ్చాడు?

లాస్ ఏంజెలెస్‌లో లిటిల్ టోక్యో అనే జపనీయుల పేట ఉంది. అక్కడ కూలీలు, దుకాణదారులు, చదువుకునే కుర్రాళ్ళు కలిసి సొంత భాషలో నాటకాలు వేసుకునేవాళ్ళు. హయకావా ఆ నాటకాల్లో దిగాడు. పారిస్‌లోని ఒక జపాన్ దౌత్యవేత్త కథతో నడిచే ‘ది టైఫూన్’ నాటకంలో ఆయన్ని నిర్మాత థామస్ ఇన్స్ చూశాడు. సినిమా తీద్దామన్నాడు. వద్దనిపించుకోవడానికి వారానికి 500 డాలర్లు అడిగానని, ఇన్స్ సరేననేశాడని హయకావా చెప్పేవాడు.

‘ది టైఫూన్’ కన్నా ముందే, 1914 జూన్‌లో ‘ది రాత్ ఆఫ్ ది గాడ్స్’ విడుదలైంది. ఆ ఏడాది జనవరిలో జపానులో సకురజిమా అగ్నిపర్వతం పేలింది. ఆ వార్త ఇంకా వేడిగా ఉండగానే ఇన్స్ దాని చుట్టూ కథ అల్లించాడు. కథానాయిక త్సురు అవోకి. ఆమె ముసలి తండ్రి వేషం హయకావాది. తెర మీద తండ్రీకూతుళ్ళుగా కనిపించే ఆ ఇద్దరూ సినిమా విడుదలకు ముందే, 1914 మే 1న పెళ్ళి చేసుకున్నారు.

‘ది చీట్’లో ఏముంది? అంత గొడవ ఎందుకైంది?

1915 డిసెంబరులో వచ్చిన ఈ సినిమా ఆయన్ని రాత్రికి రాత్రి స్టార్‌ని చేసింది. దర్శకుడు సెసిల్ బి. డెమిల్. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఉండే డబ్బున్న గృహిణి ఈడిత్, రెడ్ క్రాస్ కోసం పోగుచేసిన 10,000 డాలర్లు తీసుకెళ్ళి షేర్లలో పెట్టి పోగొడుతుంది. పరువు పోతుందన్న టెన్షన్‌లో, హిషురు తోరి అనే జపాన్ దంతపు వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటుంది. ఆ అప్పుకి తోరి కోరేది ఆమెనే. తర్వాత భర్తకు డబ్బు కలిసొస్తే, ఆమె చెక్కు తీసుకెళ్ళి ఇవ్వబోతుంది. అతను పుచ్చుకోడు. తన వస్తువులన్నిటి మీదా వేసుకునే ముద్రని ఎర్రగా కాల్చి ఆమె భుజం మీద వాత పెడతాడు. ఆమె తుపాకీతో కాలుస్తుంది. నేరం భర్త తన మీద వేసుకుంటాడు. చివరికి కోర్టులో ఆమె భుజం చూపించి నిజం చెప్పగానే జనం తోరి మీద విరుచుకుపడతారు.

ఇప్పుడు 1915 కాలిఫోర్నియాలో బతుకుతున్న జపాన్ రైతు స్థానంలో ఉండి ఈ కథ వినండి. 1913లోనే అక్కడ భూచట్టం వచ్చింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు, అంటే ముఖ్యంగా ఆసియావాళ్ళు, సాగుభూమి కొనకూడదు. మూడేళ్ళకు మించి కౌలుకు తీసుకోకూడదు. జపనీయులు మన ఆస్తి, మన ఆడవాళ్ళని లాక్కుంటారనే ప్రచారం పత్రికల్లో రోజూ నడుస్తోంది. అలాంటప్పుడు సాక్షాత్తూ జపాన్ నటుడే తెర మీద ఆ పని చేశాడు. లాస్ ఏంజెలెస్ జపనీస్ పత్రిక రాఫు షింపో మండిపడింది. సొంతవాళ్ళే ఆయన్ని జాతిద్రోహి అన్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదనే నా అభిప్రాయం. ఆ సినిమాలో ఆయన ఎంత గొప్పగా చేశాడో అంత నష్టం జరిగింది.

1918లో మళ్ళీ విడుదల చేసేటప్పుడు టైటిల్ కార్డుల్లో (మూకీల్లో మాటలు రాసి చూపించే పలకల్లో) ఆ పాత్రని బర్మా దంతపు రాజుగా మార్చేశారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధంలో జపాన్ అమెరికాకి మిత్రదేశం. మిత్రుడికి కోపం రాకూడదు కదా. పాత్ర అదే, నటుడూ అదే, వాతా అదే. దేశం పేరొక్కటే మారింది.

విలన్‌గా వేస్తే ఆడవాళ్ళు అంతగా ఎందుకు అభిమానించారు?

సినిమా చూస్తే అర్థమవుతుంది. భర్త పాత్రధారి ఎప్పుడూ డబ్బు గొడవలో ఉంటాడు, నటన కూడా పేలవంగా ఉంటుంది. తోరి సగం చీకట్లో నిలబడి తల కొద్దిగా తిప్పితే చాలు, చూపు అటే పోతుంది. అందంగా ఉంటాడు, దుస్తులు చక్కగా వేసుకుంటాడు, ఆమె చెప్పేది వింటాడు. భయపెట్టడానికి రాసిన పాత్ర ఆకర్షించింది. మూకీల ప్రేమకథల హీరో రుడాల్ఫ్ వాలెంటినోని ‘ది షేక్’ పెద్ద స్టార్‌ని చేసింది 1921లో. విదేశీ ముఖం ఉన్న ప్రేమికుడు అమెరికా తెర మీదకి అంతకు ఆరేళ్ళ ముందే వచ్చాడు.

ఆయన నటనలో అంత కొత్తదనం ఏమిటి?

కదలకపోవడం. ఆ రోజుల్లో మూకీ నటులు చాలామంది చేతులు ఊపి, కళ్ళు తిప్పి, గుండె పట్టుకుని భావం చూపించేవాళ్ళు. హయకావా ముఖం దాదాపు నిశ్చలంగా ఉంచుతాడు. మెడ దగ్గరో కనుబొమ దగ్గరో చిన్న కదలిక. దాంతోనే కోపమో, కోరికో, అవమానమో తెలిసిపోతుంది. ‘ముగ’ అనే జపాన్ మాట, అంటే ‘నేను’ అనేది లేకపోవడం, తన నటనకు మూలమని చెప్పేవాడు.

దీన్ని అందరికన్నా ముందు పట్టుకున్నవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. యుద్ధకాలపు పారిస్‌లో ‘ది చీట్’ చూసి రచయిత్రి కొలెట్ మెచ్చుకుంటూ రాసింది. విమర్శకుడు లూయీ డెలూక్ ఆయన ముఖం గురించి పదేపదే రాశాడు. సినిమా అనేది నాటకం కాదు, వేరే కళ అని ఫ్రాన్సులో అప్పుడప్పుడే మొదలైన చర్చకి హయకావా ముఖం ఒక ఉదాహరణ అయింది. ‘ది చీట్’ని 1937లో ఫ్రాన్సులో మళ్ళీ తీసినప్పుడు కూడా ఆయన్నే పిలిచారు.

హీరోగా వేసిన సినిమాల్లో కూడా హీరోయిన్ దక్కదేం?

దక్కనివ్వరు కాబట్టి. తెల్లవాళ్ళకీ ఆసియావాళ్ళకీ పెళ్ళిళ్ళు కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం. 1948లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అదే పరిస్థితి. తెర మీద కూడా అదే రూలు. అందుకే ‘ది చీట్’ తీసిన లాస్కీ సంస్థలో 1916 నుంచి 1918 దాకా ఆయన చేసిన కథల్లో ఒకటే వరస నడుస్తుంది: తెల్ల అమ్మాయిని ప్రేమిస్తాడు, ఆమె సుఖం కోసం తప్పుకుంటాడు, లేదా చచ్చిపోతాడు. ఆయన్ని జపనీయుడిగానే కాదు, మెక్సికో బందిపోటుగా, హవాయి దీవివాసిగా, 1917లో ‘ఈచ్ టు హిజ్ కైండ్’లో భారతీయ యువరాజుగా కూడా చూపించారు. తెల్లగా లేని ప్రతి పాత్రకూ ఆయనే.

1919లో వచ్చిన ‘ది మ్యాన్ బినీత్’లో ఆయన హిందూ వైద్యుడు. పాశ్చాత్య చదువు చదివి, పేరు తెచ్చుకుని, స్కాట్లండ్ అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమెకీ ఇష్టమే, కానీ జాతి అడ్డొచ్చి కాదంటుంది. ఈ సినిమా ఆయన సొంత కంపెనీదే. కథ ముగింపు మారకపోయినా, ఇక్కడ బాధ ఎవరిదో తెలుస్తుంది. ప్రేక్షకుడు ఆ డాక్టరు వైపు నుంచి చూస్తాడు.

సొంత కంపెనీ ఎందుకు పెట్టాడు?

ఈ పాత్రలతో విసిగిపోయి. 1918లో హావర్త్ పిక్చర్స్ కార్పొరేషన్ మొదలుపెట్టాడు. మా జనాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తానని చెప్పుకున్నాడు. మొదటి సినిమా ‘హిజ్ బర్త్‌రైట్’. తర్వాత మూడు నాలుగేళ్ళలో ఇరవైకి అటూ ఇటూగా తీశారు. ఎక్కువ వాటికి దర్శకుడు విలియం వర్తింగ్టన్. కథ ఎంచుకోవడం, నటించడం, నిర్మాణం చూసుకోవడం అన్నీ హయకావావే. హాలీవుడ్‌లో ఒక ఆసియా నటుడికి అలాంటి అధికారం తర్వాత దశాబ్దాల పాటు దొరకలేదు.

అవన్నీ గొప్ప సినిమాలా అంటే కాదు. టికెట్లు తెగాలి కాబట్టి చైనా ముఠాల కథలూ, ఎడారి కథలూ చేయాల్సి వచ్చింది. చాలా రీళ్ళు పోయాయి కూడా. అయినా హయకావా గురించి రాసేవాళ్ళు ‘ది చీట్’ నుంచి ఒక్క గెంతులో ‘క్వాయ్’కి వెళ్ళిపోతే నాకు బాధేస్తుంది. ఆ రెండూ వేరేవాళ్ళు ఆయనతో చేయించుకున్న పనులు. ఆయన తనకు తానుగా చేసినది హావర్త్‌లోనే ఉంది.

‘ది డ్రాగన్ పెయింటర్’ గురించి అంతగా చెబుతారు, ఎందుకు?

ఎందుకంటే ఇందులో తెల్ల అమ్మాయి లేదు, ఆమె కోసం హీరో త్యాగం లేదు, నేరం లేదు. జపాన్‌లో జరిగే ఒక కథ ఉంది, అంతే. 1919లో వచ్చింది. తత్సు అనే చిత్రకారుడు కొండల్లో పిచ్చివాడిలా తిరుగుతూ బొమ్మలు గీస్తుంటాడు. వెయ్యేళ్ళ కిందట తనకి నిశ్చయమైన రాకుమారిని దేవతలు డ్రాగన్‌గా మార్చేశారని అతని నమ్మకం. ఎక్కడ గీసినా ఆమె కోసమే గీస్తాడు. వారసుడు లేని ఒక వృద్ధ గురువు అతన్ని ఇంటికి రప్పించి, తన కూతురు ఉమెకోనే ఆ రాకుమారి అని నమ్మిస్తాడు. పెళ్ళవుతుంది. వెతికేది దొరికాక తత్సుకి ఇక బొమ్మ రాదు. కుంచె పట్టుకుని ఊరికే కూర్చుంటాడు. భర్త కళ తిరిగి రావడం కోసం ఉమెకో చనిపోయినట్టు మాయమవుతుంది. ఆమెగా నటించింది త్సురు అవోకి.

కొండల దృశ్యాలు కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో తీశారు. అయినా చూస్తున్నంతసేపూ జపాన్ సిరా చిత్రాల మధ్య తిరుగుతున్నట్టే ఉంటుంది. గురువు పాత్రకి మాత్రం తెల్ల నటుడు ఎడ్వర్డ్ పీల్‌కి మేకప్ వేశారు. సొంత కంపెనీలో కూడా ఆ పద్ధతి పూర్తిగా పోలేదన్నది ఒప్పుకోవాల్సిన విషయం. చాలా కాలం ఈ సినిమా పోయిందనే అనుకున్నారు. ఫ్రాన్సులో దొరికిన ప్రింటుతో పునరుద్ధరించారు. 2014లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు. ‘ది చీట్’ 1993లోనే చేరింది.

త్సురు అవోకి ఆయన భార్యగానే తెలుసు. ఆమె కూడా స్టారేనా?

ఆయన కన్నా ముందే. ఒతోజిరో కవకామి, సదా యక్కో దంపతుల నాటక బృందంతో 1899లో చిన్నపిల్లగా అమెరికా వచ్చింది. వాళ్ళు ఆమెకి బంధువులు. అక్కడే తోషియో అవోకి అనే చిత్రకారుడు దత్తత తీసుకుని పెంచాడు. 1913లోనే సినిమాల్లో కథానాయిక. ఇన్స్ సంస్థలో హయకావా కన్నా ముందు స్థిరపడింది ఆమే. తర్వాత తెర మీద తగ్గి ఇల్లు చూసుకుంది. 1960లో ‘హెల్ టు ఎటర్నిటీ’లో మళ్ళీ కనిపించింది. ఆమె మాట వినిపించే సినిమా అదొక్కటే. 1961లో కన్నుమూసింది.

అంత పేరున్నవాడికి అమెరికా పౌరసత్వం రాలేదా?

వచ్చే దారే లేదు. 1922లో తకావో ఒజావా కేసులో, జపనీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకూ అదే తీర్పు వచ్చింది. 1924లో జపాన్ నుంచి వలసలే ఆపేశారు. భారతీయులకి 1946లో, జపనీయులకి 1952లో ఆ తలుపు తెరిచారు. ఇప్పుడు గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలు ఈ రెండు కేసుల గురించి చదివితే బాగుంటుంది. అప్పటివాళ్ళకి వెయిటింగ్ లిస్టు కూడా లేదు.

1922లో హాలీవుడ్ ఎందుకు వదిలేశాడు?

పైన చెప్పిన వాతావరణం ఒకటి. తన సినిమాలు పంపిణీ చేసే రాబర్ట్సన్-కోల్ సంస్థతో తగాదా ఇంకొకటి. ‘ది వర్మిలియన్ పెన్సిల్’ తర్వాత వెళ్ళిపోయాడు. ఫ్రాన్సులో 1923లో జపాన్ నౌకాధికారిగా ‘లా బతాయ్’ చేశాడు, అది బాగా ఆడింది. ఇంగ్లండులోనూ నటించాడు. న్యూయార్క్‌లో నాటకాలు వేశాడు.

టాకీలు వచ్చాక ఏమైంది?

1931లో పారమౌంట్ ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’తో తిరిగొచ్చాడు. పక్కన చైనా సంతతి అమెరికన్ నటి అన్నా మే వాంగ్. ఇద్దరు ఆసియా నటులు ప్రేమికులుగా వేసిన అరుదైన హాలీవుడ్ సినిమా. పారితోషికాల లెక్క చూస్తే కడుపు మండుతుంది. ఫూ మాంచూ అనే చైనా విలన్‌గా కాసేపే కనిపించే స్వీడన్ నటుడు వార్నర్ ఓలండ్‌కి 12,000 డాలర్లు, హయకావాకి 10,000, సినిమా అంతా మోసిన అన్నా మే వాంగ్‌కి 6,000. హయకావా ఇంగ్లీషు యాసకి విమర్శలొచ్చాయి. మూకీలో ఆయన ముఖానికి ఏ యాసా లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కడున్నాడు?

పారిస్‌లో. 1937లో సినిమా కోసం వెళ్ళి, యుద్ధం వచ్చి చిక్కుకుపోయాడు. భార్యాపిల్లలు జపానులో. నటించే పని తగ్గితే పట్టు గుడ్డ మీద నీటిరంగుల బొమ్మలు వేసి అమ్ముకుని బతికాడు. ‘డ్రాగన్ పెయింటర్’ చూసినవాళ్ళకి ఈ ముక్క చదివితే మనసు కలుక్కుమంటుంది. 1949లో హంఫ్రీ బోగార్ట్ ‘టోక్యో జో’ కోసం హాలీవుడ్ పిలిచింది. మరుసటి ఏడాది ‘త్రీ కేమ్ హోమ్’లో బోర్నియో ఖైదీల శిబిరం అధికారిగా వేశాడు. హిరోషిమాలో కుటుంబం పోయిన ఆ కల్నల్, ఖైదీల పిల్లలకి తినడానికి పెట్టి, ఒక్కడే కూర్చుని ఏడ్చే దృశ్యం తప్పకుండా చూడండి.

‘క్వాయ్’ సినిమాకీ తెలుగువాళ్ళకీ ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

సినిమాకి లేదు. అది 1957లో డేవిడ్ లీన్ సిలోన్‌లో తీసినది. దాని వెనకున్న చరిత్రకి ఉంది. జపాన్ సైన్యం కట్టించిన సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గంలో 12,000 మందికి పైగా మిత్రదేశాల యుద్ధఖైదీలు చనిపోయారు. సినిమా వాళ్ళ కథ చెబుతుంది. అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. తెర మీద వాళ్ళకి చోటు దొరకలేదు. సైతో పాత్రని ఎంత ఇష్టంగా చూసినా, ఈ సంగతి మనం మర్చిపోకూడదు.

ఆస్కార్ నామినేషన్ వచ్చిన మొదటి ఆసియా నటుడు ఆయనేనా?

నటుల్లో ఆసియా సంతతివాడిగా ఆయనకన్నా ముందు యూల్ బ్రిన్నర్ పేరు కూడా కొందరు చెబుతారు, ఆయన పూర్వీకుల్లో కొందరు ఆసియా వాళ్ళని. తూర్పు ఆసియా నటుల్లో మొదటివాడు మాత్రం హయకావానే. నటీమణుల్లో బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్‌కి 1935 నాటి సినిమాకే నామినేషన్ వచ్చింది. కానీ భయంతో తన పుట్టుక జీవితాంతం దాచుకుంది.

‘క్వాయ్’కి ఎనిమిది నామినేషన్లు వస్తే ఏడు అవార్డులు వచ్చాయి. రానిది హయకావాది ఒక్కటే. ‘సయోనారా’లో వేసిన రెడ్ బటన్స్‌కి వెళ్ళింది. అదే రాత్రి అదే ‘సయోనారా’కి జపాన్ నటి మియోషి ఉమెకి ఉత్తమ సహాయనటిగా గెలిచింది.

ఆయనతో పాటు వచ్చిన మిగతా జపాన్‌వాళ్ళు ఏమయ్యారు?

కొందరు తిరిగి వెళ్ళి జపాన్ సినిమాకి కొత్త పని నేర్పారు. ఛాయాగ్రాహకుడు హెన్రీ కొతాని, దర్శకుడు థామస్ కురిహారా, హయకావా సినిమాల్లో చిన్న వేషాలు వేసిన యుతకా అబే, ముగ్గురూ అంతే. సోజిన్ కమియామా హాలీవుడ్‌లోనే కొన్నాళ్ళుండి 1924లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో మంగోల్ యువరాజుగా వేశాడు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

భార్య పోయాక జపానులోనే ఉండిపోయాడు. జెన్ బౌద్ధ పూజారిగా దీక్ష తీసుకున్నాడు, నటన నేర్పాడు. 1973 నవంబరు 23న టోక్యోలో 87 ఏళ్ళ వయసులో చనిపోయాడు. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో వైన్ వీధిలో ఆయన పేరున నక్షత్రం ఉంది.

కొత్తగా చూసేవాళ్ళు ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

‘ది డ్రాగన్ పెయింటర్’తో. గంటలోపే అయిపోతుంది. పాతది కాబట్టి కాపీరైటు లేదు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. టైటిల్ కార్డులు తక్కువ, సులువైన ఇంగ్లీషు. తర్వాత ‘ది చీట్’ చూడండి, అప్పుడు ‘క్వాయ్’. ఈ వరసలో చూస్తే, క్వాయ్‌లో సైతో తన గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చే చోట, కొండ మీద కుంచె పట్టుకుని తిరిగిన కుర్రాడు మీకు గుర్తొస్తాడు.